ఆ కమానులు ఊరికే కట్టలేదు

గట్టి వాన పడితే తప్ప హైదరాబాద్ వాళ్లకి మూసీ గుర్తుకు రాదు. మిగతా రోజుల్లో ముక్కు మూసుకుని దాటేస్తాం. వరదొచ్చిన మర్నాడు మాత్రం పిల్లల్ని బండెక్కించుకుని మరీ చూసొస్తాం.

ఈసారి అలా వెళ్తే పురానాపూల్ దగ్గర నీళ్లతోపాటు వంతెననీ చూడండి. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా 1578లో కట్టించాడు. చార్మినార్ కన్నా 13 ఏళ్లు పెద్దది. భాగమతి కోసం కొడుకు వరదలో నది దాటుతుంటే తల్లడిల్లి తండ్రి కట్టించాడని ఓ కథ. చరిత్రకారుల్లో చాలామంది ఒప్పుకోరనుకోండి.

కథ సంగతెలా ఉన్నా, ఆ కమానులు లెక్కపెట్టండి. 20కి పైగా ఉంటాయి. ఏడాదిలో ఎక్కువ రోజులు నీళ్లు పారేది కొన్నింటి కిందే. మరి మిగతావి ఎందుకు? ఖర్చు ఎక్కువై కట్టలేదు. ఆనాటి మేస్త్రీలు కొలిచింది ఎండాకాలం మూసీని కాదు, వానాకాలం మూసీని.

ఆ కొలత ఎంత నిజమో 1908 సెప్టెంబర్ 28న తెలిసింది. ఆ వరదలో 15 వేల మంది దాకా పోయారని అంచనా. అఫ్జల్‌గంజ్ దగ్గర చింతచెట్టెక్కి 150 మంది బతికారని ఇప్పటికీ చెప్పుకుంటారు. తర్వాత కట్టిన వంతెనలు కొట్టుకుపోయినా పురానాపూల్ నిలిచింది.

ఆ తర్వాతే నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. వరదను ఊరికి ఎగువనే ఆపాలన్నాడాయన. అలా 1920లో మూసీ మీద ఉస్మాన్‌సాగర్, 1927లో ఈసీ మీద హిమాయత్‌సాగర్ వచ్చాయి. ఊరు ఊపిరి పీల్చుకుంది. నెమ్మదిగా నదిని మరిచిపోయింది కూడా. ఒడ్డున గుడిసెలు లేచాయి. పేదవాళ్లనే అనడం ఎందుకు? మన మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ ఉన్నది మూసీ రెండు పాయల మధ్యే!

చెరువు నిండితే గేట్లెత్తక తప్పదు. గేట్ల దిగువన కురిసిన వాన ఎలాగూ నదిలోకే వస్తుంది. 2025 సెప్టెంబర్ 26 రాత్రి ఆ బస్‌స్టేషన్‌లోకే వరద వచ్చింది. దసరాకి ఊళ్లకు బయల్దేరినవాళ్లు పిల్లాపాపలతో చిక్కుకుపోయారు. మూసారాంబాగ్ వంతెన మునిగింది. ఒడ్డు బస్తీల్లోవాళ్లు వంటగిన్నెలూ, పిల్లల పుస్తకాలూ చంకన పెట్టుకుని ఇళ్లు వదిలారు.

ఇది ఒక్క హైదరాబాద్ ముచ్చటే కాదు. మీ ఊళ్లోనూ ఏరో వాగో, దానిమీద ఓ పాత వంతెనో ఉండే ఉంటుంది. 'ఇంత చిన్న వాగుకి ఇంత పొడుగు వంతెనా' అని నవ్వుకోకండి. అది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చూడండి. అంతమేరా నీళ్ల తోవే. రేపు స్థలం కొనేటప్పుడు కాగితాలతోపాటు దీన్నీ చూసుకోండి. 'నీళ్లు ఎప్పుడైనా ఇక్కడిదాకా వచ్చాయా తాతా?' అని ఆ వీధిలో పెద్దాయన్ని ఓ మాట అడగండి. బయానా ఇచ్చేది ఆ తర్వాతే.