దాయాదికి పది, కూతురికి మూడు

పెదనాన్న పోయాడని ఫోన్ వచ్చేసరికి తెల్లవారుజాము నాలుగు. హైదరాబాద్ నుంచి తెనాలి దగ్గర మా ఊరు చేరేసరికి బాగా పొద్దెక్కింది. ఇంటి ముందు షామియానా, వసారాలో ఫ్రీజర్ పెట్టె, చుట్టూ పన్నెండేళ్లుగా నేను చూడని మొహాలు. మేనత్త నన్ను పట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూనే "ఇంత చిక్కిపోయావేరా" అంది. చిన్నప్పుడు కాలవలో నాకు ఈత నేర్పిన బావకు జుట్టంతా నెరిసిపోయింది. గట్టు తగాదాతో పద్దెనిమిదేళ్లుగా మాటల్లేని చిన్నాన్నలిద్దరూ ఒకే బల్ల మీద కూర్చుని, పాడెకు వెదురు ఎవరి దొడ్లో ఉందో మాట్లాడుకుంటున్నారు. చావుకు పిలుపుండదు. పిలవకపోయినా వెళ్లడమే మర్యాద. మన ఆచారాల్లో నేను మనసారా గౌరవించే మర్యాద అది.

మధ్యాహ్నానికి మైల లెక్క మొదలైంది. నాకు పది రోజులన్నారు, తమ్ముడి కొడుకుని కాబట్టి. తగాదా పడ్డ చిన్నాన్నలకూ పదే. అక్కకు మాత్రం మూడు. పెదనాన్నకు ఒక్కగానొక్క కూతురు. మంచాన పడ్డ మూడేళ్లూ ఆయనకు ఒళ్లు తుడిచింది, అన్నం మెత్తగా కలిపి పెట్టింది, పుండ్లు పడకుండా రాత్రుళ్లు లేచి పక్క తిప్పింది. పెళ్లయి గోత్రం మారింది కనక తండ్రి చావు ఆమెకు మూడు రోజులేనట. పన్నెండేళ్లు గుమ్మం తొక్కని నాకు పది! ఈ లెక్క కట్టినవాళ్లకు దుఃఖంతో పనిలేదు. వంశం ఎవరి పేరున సాగుతుంది, పొలం ఎవరికి దిగుతుంది అన్నదే వాళ్ల కొలత.

"మైలలో సైన్సుంది, క్రిములు వ్యాపించకుండా పెద్దలు పెట్టారు" అని చదువుకున్నవాళ్లే చెబుతుంటారు. ఆ రోజూ ఒకాయన చెప్పాడు. క్రిమికి గోత్రం తెలుస్తుందా? శవాన్ని మోసిన పక్కింటాయనకు ఒక్క స్నానంతో మైల తీరింది. డాలస్‌లో ఉన్న మా తమ్ముడికి వార్త విన్న క్షణం నుంచి పట్టుకుంది. మనుస్మృతి అయిదో అధ్యాయం బ్రాహ్మణుడికి పది రోజులు, క్షత్రియుడికి పన్నెండు, వైశ్యుడికి పదిహేను, శూద్రుడికి నెల అని విధించింది. రోగానికి విధించిన గడువైతే కులాన్ని బట్టి ఎలా మారుతుంది? ఆ పుస్తకం ప్రకారం మా ఇంటికి నెల పట్టాలి. మేం పట్టం. కూలి పోతుందనో, సెలవు దొరకదనో మా పెద్దలే ఎప్పుడో పది చేసుకున్నారు. నెలను పదిగా మార్చుకున్నప్పుడు ఏ పితృదేవతా కోపగించలేదు. కూతురి మూడును మాత్రం ఎవరూ కదపలేదు.

పెదనాన్నకు కొడుకులు లేరు కాబట్టి తలకొరివి పెట్టమని నన్నడిగారు. అక్క పెట్టాలన్నాను. ఆడవాళ్లు శ్మశానానికి రాకూడదని ఒకరు, ఊళ్లో ఎప్పుడూ జరగలేదని ఒకరు. చివరికి చిన్నాన్న కొడుకు కుండ ఎత్తుకున్నాడు. ఆ పూట నేను ఇంకాస్త గట్టిగా నిలబడాల్సింది. పుట్టింటి ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ చట్టం చేసింది 1986లో, 1985 సెప్టెంబరు 5 నుంచి అమలయ్యేలా. దేశమంతటికీ ఆ హక్కు 2005లో వచ్చింది. చట్టం వాటా ఇచ్చి నలభై ఏళ్లవుతున్నా తండ్రికి నిప్పు పెట్టే చెయ్యి మాత్రం మగవాడిదే కావాలంటున్నారు.

దారిలో పాడె దించారు. దింపుడు కళ్లం. చెవి దగ్గర వంగి మూడుసార్లు పేరుపెట్టి పిలిచారు. ఈ ఆచారాన్ని తీసిపారేయలేను. నాడి చూసే వైద్యుడు లేని రోజుల్లో, ప్రాణం పూర్తిగా పోయిందో లేదో చివరిసారి సరిచూసుకున్న మనుషుల జాగ్రత్త అందులో కనిపిస్తుంది నాకు. ఇవాళ డాక్టరు చూశాడు, కొన్ని గంటలపాటు ఫ్రీజర్లో ఉంచాం, అయినా పిలుస్తాం. పిలవనీ. కానీ ఎవరు పిలిచారు? చివరి ఆరు నెలల్లో పెదనాన్న కళ్లు తెరిచింది అక్క గొంతుకొక్కదానికే. నిజంగా పరీక్షించదలుచుకుంటే పిలవాల్సిన గొంతు అదొక్కటే. ఆ గొంతు అప్పుడు ఇంటి దగ్గర, ఊరేగింపు వెళ్లిపోయిన వీధిలో నీళ్లు చల్లుతోంది.

పెద్దకర్మ నాడు కాలవ గట్టున పిండం పెట్టారు. కాకి రాలేదు. "ఏదో కోరిక ఉండిపోయింది" అన్నారు. ఒకరు 'బలగం' సినిమా గుర్తుచేశారు. 2023లో వచ్చిన ఆ సినిమాకు తెలంగాణలో ఊరూరా తెరలు కట్టి జనం కలిసి చూశారు, కలిసి ఏడ్చారు. ఏడిపించింది చెల్లెలూ అన్నదమ్ములూ, వాళ్ల మధ్య కరిగిన పంతం. పేరు మాత్రం కాకికొచ్చింది. మా గట్టు మీదా అంతే. చిన్నాన్నలిద్దరూ దండం పెట్టి, అక్కను, పెద్దమ్మను చూసుకుంటామని ఒకరి తర్వాత ఒకరు మాటిచ్చారు. ఇంతలో పంతులుగారు "అందరూ చెట్టు దాకా వెనక్కి జరగండి, ఫోన్లు దించండి" అన్నారు. జరిగాం. రెండు నిమిషాల్లో కాకి దిగింది. ఆయనకు కాకి సంగతి మాకంటే బాగా తెలుసు. కొత్త మనుషులున్న చోట అది అంత తొందరగా తిండి మీద వాలదు, ప్రమాదాన్ని గుర్తుపెట్టుకుంటుంది. అమెరికాలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్లు మాస్కులు తొడుక్కుని చేసిన ప్రయోగాల్లో, తమను పట్టుకున్న మొహాన్ని కాకులు ఏళ్ల తరబడి మరిచిపోలేదు. చిన్నాన్నల మాట గొప్పది. కాకి కోసం ఇచ్చిన మాట కాకి ఎగిరిపోగానే తీరిపోయినట్టు అనిపిస్తుందేమోనన్నదే నా భయం. అక్క మొహం చూసి ఇచ్చి ఉంటే ఆ మాటకు రేపు అడిగేవాళ్లుండేవారు.

ఇక పిండం సంగతి. ఇక్కడ పెట్టిన అన్నం పోయినవాళ్లకు చేరేదైతే, ప్రయాణంలో ఉన్నవాడికి ఇంట్లోనే వడ్డించి పంపవచ్చు కదా అని రామాయణంలో జాబాలి రాముణ్ణే అడిగాడు. ఈ ప్రశ్న పడమటి నుంచి దిగుమతి కాలేదు.

"కర్మకాండ లేకపోతే చుట్టాలెవరొస్తారు?" అంటారు. 2024 సెప్టెంబరులో కమ్యూనిస్టు నాయకుడు సీతారాం ఏచూరి, అక్టోబరులో ప్రొఫెసర్ జి.ఎన్. సాయిబాబా పోయారు. ఏచూరి దేహం ఢిల్లీ ఎయిమ్స్‌కు, సాయిబాబాది హైదరాబాద్ గాంధీ వైద్య కళాశాలకు ఇచ్చారు. పిండం పెట్టే పనిలేదు. జనం రాకుండా ఉన్నారా? కోవిడ్‌లో దీనికి తలకిందులు. అంత్యక్రియలకు ఇరవై మందికి మించకూడదన్నారు. కొన్ని ఇళ్లలో మంత్రం జరిగింది, మనుషులే లేరు. ఆ రోజుల్లో తండ్రిని పోగొట్టుకున్న స్నేహితుడు ఇప్పటికీ బాధపడేది ఏ తంతు తప్పిపోయిందని కాదు. భుజం మీద చెయ్యి వేసేవాడు ఒక్కడు లేకపోయాడని. అయితే మా హేతువాదులకూ ఒక లోపముంది. సంస్మరణ సభ పెట్టి ఉపన్యాసాలు చెబుతాం. వచ్చిన చుట్టానికి చేతిలో పని పెట్టం. వెదురు నరకడం, నీళ్లు తోడటం, వంద మందికి వండటం, ఇవే ఆ రోజు మా చిన్నాన్నలను కలిపాయి.

కలిపిన చోటే ఆచారం విడగొట్టింది కూడా. పెద్దకర్మకు ముందు, పదో రోజు రాత్రి, పెద్దమ్మ గాజులు తీసేటప్పుడు ముత్తైదువలెవరూ ఎదురుపడకూడదన్నారు. మొదటి రోజు ఆమెను గుండెకు హత్తుకున్న మేనత్త పక్కగదిలో తలుపేసుకుని కూర్చుంది. యాభై ఏళ్ల వదినామరదళ్లు వాళ్లు. సరిగ్గా అప్పుడే పెద్దమ్మకు పక్కన మనిషి కావాలి. 2022 మే నెలలో మహారాష్ట్ర కొల్హాపూర్ జిల్లా హెర్వాడ్ గ్రామ పంచాయతీ ఈ తంతును ఆపుతూ తీర్మానం చేసింది. ఆ రాష్ట్ర ప్రభుత్వం మిగతా ఊళ్లనూ అదే బాటలో నడవమంది. మన పంచాయతీలకు ఏం అడ్డొచ్చింది?

బావ ఇల్లు రెండు వీధుల అవతలే. "చావింటి నుంచి తిన్నగా మా ఇంటికి రాకూడదురా, ఇంకోసారి రా" అన్నాడు, ఆ మాట అనడానికి అతనికే మనసొప్పక. ఆ ఇంకోసారి మళ్లీ ఎవరో పోయినప్పుడే వస్తుందని ఇద్దరికీ తెలుసు. స్నానం చేసి వస్తానన్నాను, వెళ్లాను, కాఫీ తాగాను.

బయల్దేరేటప్పుడు పెద్దమ్మ గదిలోకి వెళ్లాను. చావింట్లో వెళ్లొస్తానని చెప్పకూడదు, చెప్పకుండా లేచిపోవాలి. ఆమె పక్కన కూర్చుని, బోసిపోయిన చెయ్యి పట్టుకుని "వెళ్లొస్తా పెద్దమ్మా" అన్నాను. గుమ్మంలో ఎవరో "ష్" అన్నారు. పెద్దమ్మ తలెత్తి చూసింది.

"ఎప్పుడొస్తావు?" అంది.