సదాప: మందు పేరుతో మంట

ఆకు నలిపి ఒక్కసారి వాసన చూసినవారు సదాపను మళ్లీ మరిచిపోరు. కొందరికది మందు వాసన, మరికొందరికి కంపు. నీలి ఛాయ కలిసిన చిన్న ఆకులు, పసుపు పూలు, మహా అయితే మూడడుగుల ఎత్తు. మధ్యధరా తీరంలో పుట్టిన ఈ మొక్క దక్కన్ పెరళ్లకు వస్తూ పేరును కూడా వెంట తెచ్చుకుంది. అరబిక్‌లో సదాబ్, మరాఠీలో సతాప్, తెలుగులో సదాప. గ్రీకుల నుంచి అరబ్బులకు, వారి నుంచి యునానీ హకీములకు అందిన మందుల్లో ఇదొకటి. కన్నడిగులు దీన్ని నాగదాళి అంటారు. ఇది ఉన్నచోటికి పాములు రావని నమ్మకం. దానికి రుజువైతే లేదు. పాముల సంగతెలా ఉన్నా, నిమ్మచెట్టును బోడి చేసే గొంగళిపురుగులు మాత్రం దీన్నీ వదలవు. కారణం చుట్టరికమే. నిమ్మ, నారింజ, మారేడు, వెలగ, చివరికి కరివేపాకు కూడా సదాప కుటుంబానివే. ఆ కుటుంబానికి రూటేసీ అన్న పేరు వచ్చింది సదాప లాటిన్ పేరు రూటా నుంచే.

లిథువేనియాకు ఇది జాతీయ పుష్పం. ఇథియోపియాలో కాఫీ కప్పులో ఒక రెమ్మ వేసుకుంటారు. ఇటలీలో గ్రాపా అనే సారా సీసాలో కొమ్మను నానబెడతారు. రక్తనాళాల మందుల్లో వాడే రూటిన్‌ను 1842లో మొదట వేరుచేసింది ఈ మొక్క నుంచే. అయితే ఈ ఘనత చెప్పేవారు చాలామంది రెండో సగం చెప్పరు.

ఆ రెండో సగం సొరాలెన్ వర్గం రసాయనాలది. సదాప రసం చర్మానికి అంటినప్పుడు వెంటనే ఏమీ కాదు. ఆ చోట ఎండ తగిలితే ఒకటి రెండు రోజుల్లో ఎర్రబడి, కాలినట్టు బొబ్బలు లేస్తాయి. అవి మానినా గోధుమరంగు మచ్చలు నెలల తరబడి ఉంటాయి. బొల్లి చికిత్సలో వాడే బావంచాల్లోనూ ఈ వర్గం పదార్థాలే ఉన్నాయి. అక్కడ మోతాదు, ఎండలో ఉండే సమయం డాక్టరు నిర్ణయిస్తాడు. పెరట్లో ఆ లెక్క చూసేవారుండరు. దక్షిణాదిలో పసిపిల్లలకు జలుబు చేస్తే ఎండిన ఆకు పొగ వేయడం, మూర్ఛ వస్తే పసరు పట్టడం పాత అలవాట్లు. మూర్ఛ వచ్చిన బిడ్డకు నోట్లో ఏం పోసినా ఊపిరి ఆడని ప్రమాదం ఉంది. ఆకు మంచిదా చెడ్డదా అన్నది ఆ తర్వాతి మాట.

అన్నిటికన్నా పెద్ద ముప్పు గర్భిణులకు. గర్భసంచిని సంకోచింపజేసే గుణం ఉందని ఈ ఆకును శతాబ్దాలుగా గర్భస్రావానికి వాడారు. పని జరగాలంటే విషమయ్యేంత మోతాదు కావాలి. కాలేయం, మూత్రపిండాలు దెబ్బతిన్న కేసులు, మరణాలు వైద్య పత్రికల్లో నమోదై ఉన్నాయి. మన దేశంలో గర్భస్రావానికి చట్టబద్ధమైన మార్గం 1971 నుంచి ఉంది. 2021 సవరణతో కొన్ని వర్గాల మహిళలకు గడువు 24 వారాలకు పెరిగింది. అయినా పసరు వెతుక్కునేవారు ఉన్నారంటే దాన్ని అజ్ఞానమని తేల్చేయడం తేలిక. ఆస్పత్రి దూరం, నలుగురికీ తెలుస్తుందన్న భయం అసలు కారణాలు. గర్భస్రావం చేయిస్తామనే మందుల ప్రకటనలను 1954 నాటి చట్టం నిషేధించింది. మందని చెప్పకుండా మొక్కగా అమ్మితే ఆ చట్టం పరిధిలోకి రాదు.

ఇంత చెప్పాక పెంచవద్దని అనాల్సిన పనిలేదు. సదాపను పెంచడం కష్టం కాదు. విత్తనంతోనూ వస్తుంది, ముదురు కొమ్మ నాటినా వేళ్లు పోస్తుంది. ఎండ బాగా తగలాలి. నీరు నిలవని, ఇసుక కలిసిన నేల కావాలి. కాస్త సున్నపు నేలైనా సర్దుకుంటుంది. నీటి ఎద్దడిని తట్టుకుంటుంది కానీ వానాకాలంలో కుండీ అడుగున నీళ్లు నిలిస్తే వేళ్లు కుళ్లి చచ్చిపోతుంది. ఏటా కత్తిరిస్తే గుబురుగా వచ్చి కొన్నేళ్లు నిలుస్తుంది. రేకుల అంచులు కుచ్చులుగా ఉంటే అది చాలెపెన్సిస్ జాతి, లేకుంటే గ్రావియోలెన్స్ కావచ్చు. మన దగ్గర రెండింటికీ ఒకటే పేరు. జాగ్రత్తల్లోనూ తేడా లేదు. ఆకు కోసేటప్పుడు చేతికి తొడుగు, పొడవు చేతుల చొక్కా ఉండాలి. ఎండపూట కాక సాయంత్రం కోయాలి. పని అయ్యాక సబ్బుతో చేతులు కడగాలి. కుండీ మాత్రం పిల్లలు ఆడుకునే వాకిట్లో వద్దు.