పండుగప్ప మన చెరువులో గుడ్లు పెట్టదు, గుర్తుపెట్టుకోండి



నిన్న సాయంత్రం చెరువు గట్టు మీద మన ఊరి కుర్రాడొకడు గాలానికి పండుగప్పని పట్టాడు. అరకిలో కూడా లేదు. "వదిలెయ్ రా, ఇంకో ఏడాది ఆగితే రెండు కిలోలవుద్ది" అన్నాను. "నేను వదిలితే రేపు ఇంకొకడు పట్టుకుపోతాడు బాబాయ్" అన్నాడు. ఆ మాటకే ఒళ్ళు మండి ఇది రాస్తున్నా. ఎవరికైనా కోపం వస్తే రానివ్వండి.

కిందటేడు ఇంటింటికీ చందా వేసుకుని పిల్లని తెచ్చి వదిలాం. ధాన్యం డబ్బులు చేతికి రాకముందే అప్పు తెచ్చి ఇచ్చినోళ్ళున్నారు. ఇవాళ పట్నం నుంచి బండ్లేసుకొచ్చి గాలాలు వేసేవాళ్ళకి దారి చూపిస్తోంది కూడా మనోళ్ళే.

పండుగప్ప అంటే జిలేబి చేప అనుకుంటున్నారా, ఉన్న చోటే పిల్లలు పెట్టి చెరువు నింపడానికి? ఇది మంచినీళ్ళలో పెరుగుద్ది గానీ గుడ్లు పెట్టాలంటే ఉప్పునీళ్ళు కావాలి, ఏరు సముద్రంలో కలిసే చోటుకి పోవాలి. పైగా మొదట మగదిగా పెరిగి, కొన్నేళ్ళు గడిచాకే ఆడదవుద్ది. మన చెరువులో ఒకటి పోతే దాని బదులు ఇంకోటి పుట్టదు. మళ్ళీ హేచరీకి పోవాలి, మళ్ళీ చందా వెయ్యాలి.

వదిలిన పిల్లంతా బతకదు కూడా. చిన్నప్పుడు తన పొడవులో సగానికి పైగా ఉన్న తోటి పిల్లనే మింగేసే జాతి ఇది. అలా తప్పించుకుని మిగిలినవాటినే మీరు అరకిలోకి లాగేస్తున్నారు.

ఆస్ట్రేలియాలో ఇదే చేపని బారాముండి అంటారు. క్వీన్స్‌లాండ్‌లో టినారూ లాంటి డ్యాముల్లో పిల్లని వదిలి పెంచుతారు. గాలం వెయ్యాలంటే పర్మిట్ కొనాలి. ఆ డబ్బులో ఎక్కువ భాగం మళ్ళీ పిల్ల వేసే స్థానిక సంఘాలకే పోద్ది. 58 సెంటీమీటర్ల లోపు చేపని నీళ్ళలో వదిలెయ్యాల్సిందే. అంటే సుమారు మూరా అరజానెడు. వాళ్ళేం మనకన్నా తెలివైనోళ్ళు కాదు, లెక్క తెలిసినోళ్ళు. అక్కడే 2011 వరదల్లో అవూంగా డ్యాం పొర్లి వేల చేపలు కిందకి కొట్టుకుపోయాయి. మన తూముకి ఇప్పటికీ జాలీ లేదు, చూశారా?

"పేదోడు కూరకి ఒక చేప పడితే తప్పా?" అని అడుగుతారు. తప్పు కాదు. జిలేబి పట్టుకోండి, ఎన్నైనా పట్టుకోండి, చెరువుకే మేలు. నేనూ పోయిన సంక్రాంతికి ఒక చిన్న పండుగప్పని తిన్నాను, దాచను. తిన్నాకే సిగ్గేసింది.

"చెరువు అందరిదీ" అంటున్నారు. అందరిదీ అయితే కాపలా కూడా అందరిదే. పండిన చేలో ఎవడైనా పచ్చి కంకులు కోస్తే ఊరుకుంటామా?

నేనడిగేది మూడే. రెండు కిలోల లోపుది పడితే తడి చేత్తో పట్టుకుని వదిలెయ్యాలి. బయటోళ్ళు గాలం వేస్తే పంచాయతీలో రుసుము కట్టాలి, ఆ డబ్బు వచ్చే ఏడు పిల్లకే. కాలవ నీళ్ళు వచ్చేలోపు తూముకి జాలీ పడాలి. జాలీకి నా వంతు నేను రేపే ఇస్తా.

ఆదివారం పొద్దున్నే రచ్చబండ దగ్గర కూర్చుందాం. కాదనేవాళ్ళు అక్కడికొచ్చి మొహం మీదే చెప్పండి.