రెండో నంబరు పంఖా

మా పాత ఇంట్లో పంఖా రెగ్యులేటర్ అంటే గోడకి బిగించిన పెద్ద నల్ల డబ్బా. అమ్మీ దాన్ని రెండో నంబరు దాటనిచ్చేది కాదు. మే నెల గర్మీలో మేం దొంగచాటుగా నాలుగుకి తిప్పితే, "బిల్లు కౌన్ భర్తా రే?" అంటూ వచ్చి వెనక్కి తిప్పేది. కిఫాయత్ ఆమె ఆదత్.

ఆ డబ్బా మీద చెయ్యి పెడితే కాలేది. ఎందుకో చాలా ఏళ్ల తర్వాత ఓ మిస్త్రీ చెప్పాడు. లోపల తీగ చుట్టలుంటాయి. అవి పంఖాకి వెళ్లే కరెంటుని అడ్డుకుని, ఆపినదాంట్లో చాలా భాగాన్ని వేడిగా వదిలేస్తాయి. స్పీడు సగానికి పడినా బిల్లు సగం కాదు, తగ్గేది అంతకంటే తక్కువే. అంటే అమ్మీ అన్ని ఎండాకాలాలు చేసిన సబ్ర్‌తో ఎక్కువగా మా గోడే వేడెక్కింది. అది విన్న రోజు నాకు అన్నం సహించలేదు.

ఆ డబ్బా మీ ఇంట్లో ఇంకా ఉంటే తీయించేయండి. దుకాణంలో ఇప్పుడు ముఖ్యంగా రెండు రకాలు దొరుకుతాయి. నున్నగా తిరిగే ఎలక్ట్రానిక్ నాబ్ సస్తా, కానీ తక్కువ స్పీడులో పంఖా గుయ్యిమంటుంది. కటక్ కటక్‌మని మెట్లు మెట్లుగా తిరిగేది కెపాసిటర్ రకం. కాస్త మెహంగా, కానీ మోతా లేదు, వేడీ లేదు. పడకగదికి నా ఓటు దానికే. స్విచ్‌కి 6 ఆంపియర్లు చాలు. పైమెరుపు కాదు, ఐఎస్ఐ మార్కు చూడండి.

ఇక బీఎల్‌డీసీ పంఖాలు. మామూలు పంఖా 75 వాట్లు తాగే చోట ఇవి 30 వాట్ల దగ్గర ఆగుతాయి. రోజుకి 12 గంటలు తిప్పితే నెలకి 16 యూనిట్ల ఆదా. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకి స్టార్ లేబుల్ తప్పనిసరి కాబట్టి పోల్చుకోవడం కూడా ఆసాన్. ఒక్క షరతు: గోడ రెగ్యులేటర్‌ని లైన్లోంచి తీయించాలి. మిస్త్రీ బద్ధకించి వదిలేస్తే పంఖాలోని సర్క్యూట్ ఖరాబ్ కావొచ్చు.

అమ్మీ గదికి నేనూ అదే తెచ్చాను. గోడ మీద నాబ్ పోయి రిమోట్ వచ్చింది. పిల్లలు దాన్ని హాల్లోకి పట్టుకుపోయారు. అర్ధరాత్రి చలేస్తే అమ్మీ ఎవరినీ లేపకుండా స్విచ్ ఆపింది, ఉక్కపోస్తే మళ్లీ వేసింది. తెల్లారేదాకా అదే పని. పొద్దున అడిగితే, "నీంద్ ఖరాబ్ క్యూఁ కర్నా తుమ్హారీ?" అంది.

కసూర్ నాదే. వాట్లు లెక్కేశాను కానీ, గదిలో పడుకునే మనిషిని అడగలేదు. గోడ స్విచ్‌ని టకటకా ఆపి వేస్తే స్పీడు మారే మోడళ్లు కొన్నున్నాయి. కొనేముందు అడిగి, దుకాణంలోనే వేయించి చూడండి. అదీ కుదరకపోతే పెద్దవాళ్ల గదికి మామూలు పంఖా, మెట్ల రెగ్యులేటరే బెహతర్, నెలకి ఆ 16 యూనిట్లు పోతే పోనీ.

నేనైతే ప్రస్తుతానికి రిమోట్‌ని తాడుతో అమ్మీ మంచానికి కట్టాను. నిన్న రాత్రి వెళ్లి చూస్తే పంఖా మూడు మీద తిరుగుతోంది. "బిల్లు జ్యాదా నై ఆతా నా బేటా?" అని అడిగింది.