అప్పు పత్రాల్లో కనిపించని కులం

ఐఎంఎఫ్, ప్రపంచ బ్యాంకు అప్పుల మీద మన విశ్వవిద్యాలయాల్లో జరిగే చర్చ సార్వభౌమత్వం, సబ్సిడీల దగ్గరే ఆగిపోతుంది. కులం ప్రశ్న అందులోకి రాదు. కొన్ని తేదీలను పక్కపక్కన పెడితే ఆ ప్రశ్న దానంతటదే వస్తుంది.

1990 ఆగస్టులో వి.పి.సింగ్ ప్రభుత్వం కేంద్ర ఉద్యోగాల్లో బీసీలకు 27 శాతం రిజర్వేషన్ ప్రకటించింది. ఇంద్రా సహానీ కేసులో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది 1992 నవంబరు 16న. ఈ మధ్యకాలంలోనే దేశం విదేశీ మారక సంక్షోభంలో పడి బంగారం తాకట్టు పెట్టింది. 1991 చివర్లో ఐఎంఎఫ్, ప్రపంచ బ్యాంకుల నుంచి సర్దుబాటు రుణాలు తీసుకుంది. ద్రవ్యలోటు తగ్గింపు, ప్రభుత్వరంగ సంస్కరణ ఆ సర్దుబాటులో భాగాలు. 1992 ఫిబ్రవరిలో పెట్టిన జాతీయ పునరుద్ధరణ నిధిలో అధిక భాగం కార్మికులను స్వచ్ఛంద పదవీ విరమణ పేరుతో ఇంటికి పంపడానికే ఖర్చయింది. బీసీలు గుమ్మం దాకా వచ్చేసరికి లోపల కుర్చీలు తీసేయడం మొదలైంది.

రాజ్యాంగం 16(4) అధికరణ వర్తించేది ప్రభుత్వ ఉద్యోగాలకే. సంస్థను అమ్మేస్తే, పోస్టును కాంట్రాక్టరుకు అప్పగిస్తే రోస్టర్ కూడా దాంతోపాటే పోతుంది. రిజర్వేషన్ ఎత్తేయమని ఎవరూ షరతు పెట్టనక్కర్లేదు.

అప్పు చేయకపోతే దిగుమతులకు డబ్బెక్కడిది అని అడగవచ్చు. నిజమే, అప్పటి నిల్వలు కొద్ది వారాలకే సరిపోయేవి. కానీ ఆ సంక్షోభం ఖరీదు ఎవరు కట్టాలన్నదే అసలు ప్రశ్న. వాషింగ్టన్ అధికారులకు కులం లెక్క తెలియదనుకుందాం. సంతకం పెట్టిన మన పాలకవర్గానికి తెలుసు. అమ్మే సంస్థల్లో రిజర్వేషన్ కొనసాగాలని చట్టం చేయకుండా వాళ్లను ఆపింది ఎవరు?

రాజకీయాల్లో ఒక మనిషికి ఒకే విలువ, ఆర్థిక జీవితంలో ఆ విలువ నిరాకరణ: ఈ వైరుధ్యాన్ని అంబేడ్కర్ 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలోనే ఎత్తిచూపారు. ఐఎంఎఫ్‌లో ఓటు విలువ కోటాను బట్టే ఉంటుంది. కీలక నిర్ణయాలకు 85 శాతం ఓట్లు కావాలి. అమెరికా వాటా 16 శాతం పైనే. అంటే దాని చేతిలో వీటో ఉన్నట్టే.

అందుకే ప్రతి రుణ ఒప్పందాన్నీ సంతకానికి ముందే చట్టసభ ముందుంచాలి. ఎన్ని రిజర్వుడు పోస్టులు పోతాయో అందులో లెక్క చూపాలి. ఔట్‌సోర్సింగ్ పోస్టులకూ రోస్టర్ వర్తింపజేయాలి. అప్పు తీర్చేది అందరూ అయినప్పుడు, దాని కోసం ఉద్యోగం పోగొట్టుకునేది ఎప్పుడూ దళిత బహుజనులే కాకూడదు.