సీసా పుట్టుపూర్వోత్తరాలు

మంచిర్యాల నుంచి చెన్నూరు వెళ్లే దారిలో జైపూర్ వస్తుంది. సింగరేణి వాళ్ల 1,200 మెగావాట్ల థర్మల్ విద్యుత్ కేంద్రం ఉన్న ఊరు. తెలంగాణలో అన్ని ఊళ్లలాగే ఇటువైపూ మద్యం దుకాణమంటే 'వైన్స్'. పేరుకే వైన్స్, అమ్ముడుపోయేవి మాత్రం బీరు, విస్కీ, బ్రాందీలే! సీసా చేతికి రాగానే కొందరు మూత తిప్పి చూస్తారు. కొందరు లేబుల్‌ను గోటితో గీకి చూస్తారు. 'అన్నా, ఒరిజినలేనా?' అని అడిగేవాళ్లూ ఉంటారు.

సీసాకు లక్షలు పోసి అసలైన వైన్ కొనే విదేశీ శ్రీమంతులదీ ఇదే ప్రశ్న. రూడీ కుర్నియావాన్ అనే పెద్దమనిషి అమెరికాలో చవక వైన్లు కలిపి, పాత సీసాల్లో నింపి, పాతకాలపు లేబుళ్లు అంటించి వేలంలో అమ్మేశాడు. 2008లో ఫ్రాన్స్‌కు చెందిన పోన్సో కుటుంబం పేరుతో కొన్ని సీసాలు వేలానికి తెచ్చాడు. వాటి మీద 1945 నుంచి 1971 మధ్య సంవత్సరాలున్నాయి. ఆ కుటుంబం ఆ రకం వైన్ చేయడం మొదలుపెట్టిందే 1982లో! యజమాని స్వయంగా న్యూయార్క్‌కు వచ్చి వేలం ఆపించాడు. కుర్నియావాన్ 2012లో దొరికాడు. 2014లో పదేళ్ల శిక్ష పడింది.

ఇలాంటి మోసాలకు విరుగుడుగా వచ్చిందే వైన్ బ్లాక్‌చెయిన్. దీన్ని అందరి దగ్గరా నకలు ఉన్న ఖాతా పుస్తకం అనుకోండి. తోట యజమాని, రవాణాదారు, గోదాము, దుకాణం... ఎవరి చేతిలోకి సరుకు వస్తే వాళ్లు ఒక పద్దు రాస్తారు. రాసింది ఎవరికీ తెలియకుండా చెరపడం దాదాపు అసాధ్యం. ఒక పుస్తకంలో దిద్దితే మిగతా పుస్తకాలు పట్టిచ్చేస్తాయి. మన దగ్గర చిట్‌ఫండ్ల లెక్కలకు తెలంగాణ ప్రభుత్వం 'టి-చిట్స్' పేరుతో వాడింది కూడా ఈ పరిజ్ఞానాన్నే. ఎవర్‌లెడ్జర్ అనే సంస్థ 2016లో ఖరీదైన వైన్ సీసాల జాతకాలను ఇలా నమోదు చేయడం మొదలుపెట్టింది.

దీనికి తర్వాతి మెట్టు టోకెన్. సీసా గోదాములో చల్లగా పడుకుని ఉంటుంది. దాని యాజమాన్య హక్కు ఒక డిజిటల్ చీటీగా చేతులు మారుతూ ఉంటుంది. తాగాలనిపించిన రోజున చీటీ ఇచ్చి సీసా తెచ్చుకోవచ్చు. బంగారం కాగితాల మీద కొన్నట్టే అన్నమాట.

వినడానికి బాగానే ఉంది. మరి ఇలాంటి వేదిక ఎదగాలంటే? సరుకును ముట్టుకునే ప్రతివాడూ అందులో చేరాలి. మధ్యలో ఒక్కరు రాయకపోయినా గొలుసు తెగినట్టే. ఓడల సరుకు రవాణాకు మెర్స్క్, ఐబీఎం లాంటి దిగ్గజాలు 2018లో తెచ్చిన 'ట్రేడ్‌లెన్స్' వేదికకు పరిశ్రమ మొత్తం కలిసిరాలేదు. మూసేస్తున్నట్టు 2022లో ప్రకటించారు.

అందరూ చేరినా ఇంకో చిక్కుంది. అది బొగ్గు ప్రాంతం వాళ్లకు చెప్పాల్సిన పనిలేదు. చలానా మీద ఏ గ్రేడు రాసినా, వ్యాగన్‌లో ఉన్న బొగ్గు గ్రేడు మారదు. అందుకే నమూనా తీసి పరీక్ష చేస్తారు. గనికీ విద్యుత్ కేంద్రానికీ మాట తేడా రాకుండా ఆ పని మూడో సంస్థకు అప్పగించే పద్ధతి కూడా ఉంది. బ్లాక్‌చెయిన్ రాసినదాన్ని కాపాడుతుందే తప్ప, రాసింది నిజమో కాదో చెప్పలేదు. మొదటి పద్దు అబద్ధమైతే ఆ అబద్ధమే పదిలంగా ఉంటుంది. అందుకే వైన్ కంపెనీలు మూత తీయగానే తెగిపోయే చిప్‌లు పెడుతున్నాయి.

మన సీసాల సంగతి? తెలంగాణలో టోకు వ్యాపారమంతా ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషన్‌దే. ఒకరి మీద ఒకరికి నమ్మకం లేని పదిమంది వ్యాపారం చేసేచోట బ్లాక్‌చెయిన్ కావాలి గానీ, టోకు అమ్మేది ఒక్కరే అయినప్పుడు ఆ ఒక్కరి ఖాతా సరిగ్గా ఉంటే చాలు. 2025 అక్టోబరులో అన్నమయ్య జిల్లా ములకలచెరువులో నకిలీ మద్యం తయారీ బయటపడ్డాక, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 'ఎక్సైజ్ సురక్ష' యాప్ తెచ్చింది. సీసా మీది కోడ్‌ను కొనేవాడే ఫోన్‌తో స్కాన్ చేసి చూసుకోవచ్చు. లక్షల వైన్‌లో మోసం జరిగితే పోయేది డబ్బు. ఇక్కడ పోయేది ప్రాణం. అదే ఏడాది జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు.

కల్లుకు కోడ్ లేదు, చిప్ లేదు. కానీ ఒకప్పుడు ఊళ్లో ప్రతి ముంతకూ జాతకం ఉండేది. ఏ చెట్టు, ఎవరు గీశారు, ఎప్పుడు దించారు... తాగేవాడికి తెలుసు. గీసినాయన ఎదురుగానే ఉండేవాడు. చెట్టుకూ ముంతకూ మధ్య దూరం పెరిగిన కొద్దీ ఆ ఎరుక పోయింది. ఆ దూరాన్ని కొలవడానికే ఇన్ని కోడ్‌లూ చిప్‌లూ. ఈసారి సీసా కొంటే కోడ్ స్కాన్ చేయండి. ఖాళీ అయ్యాక లేబుల్ చింపి, మూత నలిపి మరీ పాతసామాన్లవాడికి వేయండి. మీ సీసా మరోసారి అబద్ధం చెప్పకుండా ఉంటుంది.