బ్రిటను టాంకుబలము

టాంకును మొట్టమొదట యుద్ధభూమికి దెచ్చినవారు ఆంగ్లేయులు. 1916 సెప్టెంబరు 15వ తేదీన సోమ్ రంగమున ఫ్లేర్సు గ్రామమువద్ద నీ యినుపశకటములు ముండ్లతీగెలను ద్రొక్కుకొని ముందునకు సాగెను. మరుసటి యేట కాంబ్రేవద్ద మున్నూటికి బైగా టాంకులొక్కమారుగా గదలెను. అట్టి దేశము నేడు తనకు 148 టాంకులు చాలునని నిశ్చయించుకొన్నది. ఈ నిశ్చయము యుక్తమా కాదా యనుట కేవలము సంఖ్యను బట్టి చెప్పదగినది కాదు. ఆ టాంకులచే నేమి చేయదలచిరో ముందుగా దేలవలెను.

2021 మార్చిలో బ్రిటిషు ప్రభుత్వమువారు 227 ఛాలెంజరు-2 టాంకులలో 148 మాత్రము ఛాలెంజరు-3గా మార్చి, తక్కినవానిని విసర్జింప నిర్ణయించిరి. ఇందులకై యా యేటి మేలో 80 కోట్ల పౌనుల యొడంబడిక జరిగినది. టెల్ఫర్డు కర్మాగారమున బాత ఫిరంగులను దీసి క్రొత్త ఫిరంగులను బిగించి, 2030 నాటికి బని ముగింపవలెనని సంకల్పము. ఇవి యన్నియు నొక్కసారి రణమునకు బోవునవి కావు. శిక్షణకు గొన్ని, మరమ్మతులలో గొన్ని, నష్టపడినవానికి బదులు నిలుపుటకు గొన్ని పోగా, రెండు రెజిమెంట్లకు సరిపడునవి మాత్రమే మిగులును. 2021 మార్చిలోనే కామన్సు సభవారి రక్షణసంఘము, ఈ సైన్యపు కవచశకటములు పాతబడినవనియు, ప్రబలశత్రువునెదుట దీసికట్టనియు హెచ్చరించెను. 2023 జనవరిలో నుక్రెయినునకు 14 ఛాలెంజరు టాంకుల నిచ్చుటకు నిశ్చయించినపుడు, అంత చిన్న సంఖ్యయే యొక గొప్పత్యాగముగా దోచుటను బట్టి వారి భాండాగార మెంత తేలికపడినదో లోకమునకు వెల్లడియైనది.

టాంకుల కాలము చెల్లినదని కొందరు వాదించుచున్నారు. ఉక్రెయిను యుద్ధమున వేలకొలది టాంకులు ధ్వంసమైన మాట నిజమే. స్వల్పమూల్యముగల డ్రోను కోట్ల విలువగల శకటమును గూల్చుచున్నది. అయినను ఆ యుద్ధముచేయు నుభయపక్షములును టాంకులు వలదని యనలేదు. మరిన్ని కావలెననియే కోరినవి. ఆకాశమునుండి శత్రువును జంపవచ్చును గాని, భూమిని బట్టి నిలుపుకొనుటకు నేలపై నడచు బలమే కావలెను.

పూర్వచరిత్రము నొకమారు స్మరింపవలెను. 1919లో బ్రిటిషు మంత్రివర్గము, పదియేండ్లవరకు మహాయుద్ధము రాదను భావనతో సైన్యవ్యయమును గుదించెను. ఆ నియమము 1932 వరకు జెల్లెను. 1927లో సాలిస్బరీ మైదానమున యాంత్రికసేనను గూర్చి ప్రయోగములు చేసియు, దానిని నిలుపుకొనజాలరైరి. ఇందులకు మన దేశముతో సంబంధముగల కారణము గూడ నొకటి కలదు. కార్డువెల్ సచివుని నాటినుండి, స్వదేశమున నొక పటాలము, ఇండియా మొదలగు పరదేశములందొక పటాలము జతగా నుండవలెనను పద్ధతి సాగుచుండెను. మన ప్రజల పన్నులతో బోషింపబడుచు మనలను గాపలాకాయుటకై యుంచబడిన కాల్బలముకొరకు, టాంకుదళము లెదుగకపోయెను. జర్మనీ 1935లో గవచసేనావిభాగములను నిర్మించెను. 1940 మేలో ఆంగ్లేయుల మొదటి కవచవిభాగము పూర్తి సన్నాహము లేకయే ఫ్రాన్సు జేరెను. ఆ యుద్ధమున వారి కొరతను దీర్చుటకు 25 లక్షల భారతసైన్యము లభించెను. నేడట్టి యాధారము వారికి లేదు.

2025 జూనులో రాబర్ట్‌సన్ ప్రభువు ప్రభృతుల సమీక్ష ప్రకటితమైనది. సైన్యపు బలమున నైదవపాలు మాత్రమే మనుష్యులు నడుపు శకటములుగాను, తక్కినది మరల వాడదగిన యంత్రములు, ఒక్కమారు ప్రయోగించి విడువదగిన యస్త్రములుగాను ఉండవలెనని యందలి సూచన. ఊహ మంచిదే. కాని యంత్రమును గాగితముపై గనుట వేరు, సైనికుని చేతికిచ్చుట వేరు. 2014లో 550 కోట్ల పౌనులకు 589 ఏజాక్సు శకటముల నిర్మింప నొడంబడిక జేసికొనిరి. 2017కు రావలసిన యా శకటములు రాకపోగా, వాని ధ్వనివలనను గంపనమువలనను వానిని నడపిన సైనికులే బాధపడిరి.

బ్రిటిషుసైన్యము 2017 మొదలు ఎస్తోనియాలోని టాపాయందు గాపున్నది. ఆ చిన్నదేశము వారి మాటను నమ్మియున్నది. కావున బ్రిటను రెంటిలో నొకటి తేల్చుకొనవలెను. తాము ద్వీపవాసులము గనుక నౌకాబలమును, విమానబలమును మాత్రమే గణనీయముగా నీయగలమని మిత్రులకు స్పష్టముగా జెప్పవచ్చును. అందు నవమానము లేదు. లేక యూరపుభూమిపై బోరాడుదుమని మాట యిచ్చినచో, పోయిన టాంకునకు బదులు టాంకును, దానిని బాగుచేయు కర్మాగారమును, నడపు మనుష్యులను ముందుగానే సమకూర్పవలెను. 73 వేల సైన్యముతో, 148 టాంకులతో మహాసామ్రాజ్యపు ధోరణిని మాత్రము నిలుపుకొనజూచుట పేరు గొప్ప, ఊరు దిబ్బ యగును. అట్టి యాడంబరమునకు మూల్యము చెల్లించువారు మంత్రులు గారు. ఆ మాటను నమ్మిన చిన్నజాతులును, చాలని సాధనములతో సరిహద్దున నిలువబడిన సామాన్యసైనికులును.